చేలో చెరువు, లినక్స్‌లో విండోస్

ప్రశ్న: అయ్యా, మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకార్యం కార్డులు, కొబ్బరి కొట్ల వాళ్ల బిల్లు బుక్కులు, అప్పుడప్పుడూ ఫ్లెక్సీలు. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావని, మా కంప్యూటర్‌కి విండోస్ 11 ఎక్కదని చెప్పి, కాకినాడలో ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసి వెళ్లాడు. మిషను బాగా స్పీడయింది, వైరస్ గోల పోయింది, కాదనను. కానీ పేజీలు పేర్చే పేజ్‌మేకర్ లేదు, తెలుగు కొట్టే అను, దాని ఫాంట్లు లేవు. నా చేతులు కట్టేసినట్టుంది. ఫోన్ చేస్తే "వర్చువల్ బాక్స్ వేసుకోమ్మా, అందులో విండోస్ నడుస్తుంది" అంటాడు. 8 జీబీ ర్యామ్ ఉంది. వేసుకోవచ్చా? లేక మొత్తం తీసేసి పాత విండోసే వేయించుకోమంటారా? పెళ్లిళ్ల సీజన్ ముందుంది, టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, వేసుకోవచ్చు. మీ అబ్బాయి మాటలో తప్పు లేదు. అమ్మ అన్నం తినేది ఏ సాఫ్ట్‌వేర్ మీదో అడక్కుండా మిషను మార్చేసి బస్సెక్కేయడమే తప్పు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిన మాట నిజమే. పాత మిషన్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదన్నదీ నిజమే. అయితే మీ షాపు నడిచేది విండోస్ మీద కాదు, పేజ్‌మేకర్ మీద. ఆ తేడా చదువుకునే కుర్రాళ్లకి తట్టదు.

ముందు మిగతావన్నీ పక్కన పెట్టి ఈ రాత్రే వాడికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి. లినక్స్ వేసేటప్పుడు డిస్కు మొత్తం చెరిపేశాడా, మీ డి డ్రైవ్ ఉంచాడా? ఉంచితే మింట్‌లో ఫైళ్లు చూసే కిటికీ తెరవగానే ఎడమ పక్కన ఆ డ్రైవ్ కనిపిస్తుంది. నొక్కితే తెరుచుకుంటుంది, విండోస్ డిస్కుల్ని లినక్స్ చదువుతుంది. మీ .పీఎండీ, .పీ65 ఫైళ్లన్నీ అక్కడే ఉంటాయి. ఒకవేళ చెరిపేసి ఉంటే, మరో కాపీ కూడా ఎక్కడా లేకపోతే, ఆ డిస్కు మీద ఇక ఏమీ రాయకండి. ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించకండి. పోయిన ఫైళ్లు వెతికిపెట్టే మనిషికి చూపించేవరకూ మిషను ఆపి ఉంచండి. కొత్తగా రాసిన ప్రతి ఫైలూ ఏదో ఒక పాత శుభలేఖ మీద కూర్చుంటుంది.

ఇక వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో చెబుతాను. మన డెల్టాలో వాళ్లకి ఇది చెప్పడం తేలిక. వరి చేలో ఒక మూల గట్టు పోసి చేపల చెరువు తవ్వుతారు కదా, అదే. నేలా అదే, కాలవ నీరూ అదే, కానీ గట్టు లోపల వేరే లోకం. మీ లినక్స్ చేను. అందులో వర్చువల్ బాక్స్ గట్టు పోస్తుంది. ఆ గట్టు లోపల విండోస్ ఈదుతుంది. తనకి ఒక సొంత కంప్యూటర్ ఉందనే అది అనుకుంటుంది. దానికి కనిపించే హార్డ్ డిస్కు నిజానికి మీ లినక్స్‌లో ఒక పెద్ద ఫైలు, అంతే. ఈ ఉపాయం కొత్తదేం కాదు. 1972లోనే ఐబీఎం తన పెద్ద మిషన్ల మీద వీఎం/370 పేరుతో ఇలాంటిది ఇచ్చింది. మన బల్లల మీది ఇంటెల్, ఏఎండీ చిప్పుల్లో దీనికి ప్రత్యేకమైన ఏర్పాటు 2005, 2006 నుంచి రావడం మొదలైంది. ఆ ఏర్పాటు మీ మిషన్లోనూ ఉండే ఉంటుంది, కానీ ఆపేసి ఉండొచ్చు. మిషను ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి బయోస్ అనే మిషను లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి, ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ అన్న చోట, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అన్న చోట ఎనేబుల్ చేయాలి. ఇది చేయకపోతే ఇప్పటి వర్చువల్ బాక్స్‌లో విండోస్ అసలు మొదలే కాదు.

మీ 8 జీబీ ర్యామ్‌ని ఎనిమిదెకరాల చేను అనుకోండి. ఆరెకరాలు చెరువు తవ్వేస్తే వరికి మిగిలేది రెండెకరాలు. లినక్స్‌కి ఊపిరాడదు, అది ఆడకపోతే లోపలి విండోస్‌కీ ఆడదు. విండోస్‌కి 2 జీబీ, మరీ కావాలంటే 3 ఇవ్వండి. పేజ్‌మేకర్‌కి అది ఎక్కువే. ఆ సాఫ్ట్‌వేర్ 7.0 వచ్చింది 2001లో, అప్పటి మిషన్లలో ర్యామ్ జీబీల్లో లెక్కపెట్టేవాళ్లు కాదు. ఇంకో సుఖం ఏమిటంటే, మన ఊళ్లలో ఒకసారి చెరువైన చేను మళ్లీ వరికి రావడం గగనం గానీ, ఇక్కడ మాత్రం విండోస్‌ని మూసేయగానే ఆ రెండెకరాలూ తిరిగి చేలో కలిసిపోతాయి. ఖర్చు పెట్టదలిస్తే ర్యామ్ మీద కంటే ముందు డిస్కు మీద పెట్టండి. మీది ఇంకా తిరిగే హార్డ్ డిస్కే అయితే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, ఎస్‌ఎస్‌డీ, వేయించండి. రెండు సిస్టమ్‌లు ఒకే పాత డిస్కుని గోకుతుంటే మీరు ఒక పేజీ తెరిచేలోపు టీ తాగి రావచ్చు.

ఏ విండోస్ వేయాలన్నది అసలు ప్రశ్న. అను, పేజ్‌మేకర్ లాంటి పాత సరుకుకి 32 బిట్ విండోస్ మంచిది. పాతకాలం సాఫ్ట్‌వేర్లలో కొన్నిటి ఇన్‌స్టాలర్లు 16 బిట్‌వి, అవి 64 బిట్ విండోస్‌లో అడుగు కూడా కదలవు. మీ దగ్గర పాత విండోస్ 7 డిస్కు, దాని కీ పెట్టెలో ఎక్కడైనా ఉంటే దాన్నే వేయండి. 2020 జనవరి 14తో దానికి మద్దతు ఆగిపోయింది కదా అని అడుగుతారు. ఆగిపోయింది, అందుకే దానికి ఇంటర్నెట్ ఇవ్వం, ఆ సంగతి కింద చెబుతాను. కంప్యూటర్‌తో పాటే వచ్చిన విండోస్ 10 లైసెన్స్ వాడుకుందామనుకుంటే మాత్రం ఒక చిక్కుంది. అలాంటి లైసెన్స్ సాధారణంగా ఆ మిషనుకే కట్టి ఉంటుంది. వర్చువల్ మెషీన్‌ని విండోస్ వేరే కంప్యూటర్ కిందే లెక్కేస్తుంది, మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది. విడిగా కొన్న లైసెన్స్ అయితే ఆ బాధ లేదు. అను విషయంలోనూ అంతే. మీ కాపీ మిషనుకి రిజిస్టర్ అయి ఉంటే కొత్త మిషను చూసి మళ్లీ అడగొచ్చు, అమ్మినవాళ్లని ముందే కనుక్కోండి. పెన్‌డ్రైవ్ లాంటి లాకు గుచ్చితేనే నడిచే కాపీ అయితే ఆ యూఎస్‌బీ లాకుని వర్చువల్ బాక్స్ యూఎస్‌బీ సెట్టింగ్‌లో విండోస్‌కి అప్పజెప్పాలి. దానికి లినక్స్‌లో మీ పేరుని వీబాక్స్‌యూజర్స్ అనే గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి. లేకపోతే లాకు జాబితాలో కనిపించనే కనిపించదు, మీరు లాకు పాడైందనుకుంటారు. పోర్టు మార్చి మార్చి గుచ్చి నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

వర్చువల్ బాక్స్ ఎక్కించడం పెద్ద పని కాదు, మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో పేరు వెతికి ఇన్‌స్టాల్ నొక్కడమే. మీ మిషన్లో సెక్యూర్ బూట్ (నమ్మిన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. మళ్లీ ఆన్ చేసినప్పుడు నీలం తెర వచ్చి అదే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎన్‌రోల్ మాక్ అన్నది ఎంచుకుని కొట్టాలి. ఆ తెర చూసి మిషను పోయిందని కంగారు పడి కంటిన్యూ నొక్కేశారో, వర్చువల్ బాక్స్ పనిచేయదు. తర్వాత కొత్త మెషీన్ సృష్టించి, ర్యామ్ చెప్పినట్టు, డిస్కు 40 జీబీ దాకా, వాడేకొద్దీ పెరిగే రకం ఎంచుకోండి. విండోస్ ఎక్కాక గెస్ట్ అడిషన్స్ అనేది లోపల వేయాలి. అది వేశాకే తెర నిండుగా వస్తుంది, ఇటు కాపీ చేసింది అటు పేస్ట్ అవుతుంది, ఫోల్డర్ పంచుకోవడం కుదురుతుంది.

ఆ పంచుకునే ఫోల్డరే చెరువు గట్టుకి పెట్టిన తూము. ఇది మీరు బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే గట్టు ఎంత బలంగా ఉన్నా నీరు తూము గుండానే వస్తుంది, పోతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువు పక్క చేలు చౌడు తేలడం మీరు చూసే ఉంటారు. విండోస్‌లోకి వైరస్ వస్తే అది గట్టు దాటి మీ లినక్స్‌ని పట్టుకోవడం చాలా అరుదు. కానీ తూములో ఉన్న ఫైళ్లని మాత్రం పాడుచేయగలదు, రాసే హక్కు మీరే ఇచ్చారు కాబట్టి. అందుకని మీ హోమ్ ఫోల్డర్ మొత్తం విండోస్‌కి చూపించకండి. 'పని' అని ఒక్క ఫోల్డర్ పెట్టి అదొక్కటే చూపించండి. లోపల విండోస్‌లో అది మరో డ్రైవ్‌లా కనిపిస్తుంది.

ఇంటర్నెట్ సంగతి చెబుతానన్నాను. వర్చువల్ మెషీన్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో కేబుల్ కనెక్టెడ్ అన్న టిక్కు ఉంటుంది, అది తీసేయండి. వైరు పీకేసినట్టే. పేజ్‌మేకర్‌కి, అనుకి ఇంటర్నెట్‌తో పనేముంది? వాట్సాప్, మెయిలు, యూపీఐ, అన్నీ లినక్స్‌లో చూసుకోండి. ఇక డీటీపీ షాపులకి అసలు రోగం వచ్చేది ఖాతాదార్ల పెన్‌డ్రైవుల్లోంచి. షార్ట్‌కట్ వైరస్ మీకు నేను పరిచయం చేయక్కర్లేదు. ఎవరు పెన్‌డ్రైవ్ ఇచ్చినా లినక్స్ వైపే తెరవండి. ఆ షార్ట్‌కట్లు అక్కడ నడవవు, బొమ్మల్లా పడి ఉంటాయి. కావలసిన ఫొటో, మ్యాటర్ మాత్రం 'పని' ఫోల్డర్లోకి తెచ్చుకోండి. పెన్‌డ్రైవ్‌ని విండోస్‌కి ఎప్పుడూ అప్పజెప్పకండి, ఎంత తెలిసినవాళ్లయినా సరే, మీ ఆడపడుచుదైనా సరే.

విండోస్, అను, పేజ్‌మేకర్, మీ ఫాంట్లు అన్నీ ఎక్కించి, ఒక పాత శుభలేఖ సరిగ్గా తెరుచుకున్నాక, ఒక స్నాప్‌షాట్ తీయండి. అంటే ఆ క్షణానికి విండోస్ ఎలా ఉందో గుర్తుపెట్టమని వర్చువల్ బాక్స్‌కి చెప్పడం. రేపు ఏదైనా చెడితే ఒక్క నొక్కుతో ఆ రోజుకి వెనక్కి పోవచ్చు. ఇది ఎంత మంచిదో అంత ప్రమాదం కూడా. ఒకసారి నా విండోస్ మొరాయిస్తే గొప్పగా స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లాను. విండోస్ చక్కగా లేచింది. అంతకు ముందు రెండు రోజులు కూర్చుని చేసిన ఒక సంఘం రసీదు పుస్తకాల సెట్టింగ్ మాత్రం లేదు, ఎందుకంటే దాన్ని విండోస్ డెస్క్‌టాప్ మీద దాచాను. అది కూడా వెనక్కి పోయింది. తూములో ఉన్న ఫైళ్లు స్నాప్‌షాట్‌తో వెనక్కి పోవు. కాబట్టి పని ఫైలు ఏదైనా లోపల సేవ్ చేయకండి, తూములోనే చేయండి.

కరెంటు గురించి మీకు వేరే చెప్పాలా? ఈదురుగాలి వేస్తే చాలు, కొబ్బరి మట్ట తీగ మీద పడుతుంది, పోతుంది. విండోస్ నడుస్తుండగా కరెంటు పోతే ఆ పెద్ద డిస్కు ఫైలు చెడిపోయే అవకాశం ఉంది. యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాలు ఆగేలా ఉంచుకోండి. కరెంటు పోగానే విండోస్ కిటికీ మూసి, మెషీన్ స్టేట్ సేవ్ చేయి అన్నది ఎంచుకుంటే, మీరు కొడుతున్న అక్షరం దగ్గరే ఆగి నిద్రపోతుంది, కరెంటు రాగానే అక్కడి నుంచే లేస్తుంది.  వారానికోసారి విండోస్‌ని పూర్తిగా ఆపి, వర్చువల్ మెషీన్ ఫోల్డర్‌ని, 'పని' ఫోల్డర్‌ని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. 2022 జులై వరదకి లంక ఊళ్లలో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు జనం ముందు పైకి ఎత్తుకున్నవి బియ్యం, కాగితాలు. మీరు ఆ హార్డ్ డిస్కుని కూడా అందులో కలపండి. మిషను మునిగిపోయినా సరే, మరో లినక్స్ మిషన్లో ఆ ఫోల్డర్ పెట్టి తెరిస్తే మీ విండోస్, మీ అను, మీ ఫాంట్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

వైన్ అని ఇంకో దారి ఉంది, మీ అబ్బాయి దాని పేరు కూడా చెప్పే ఉంటాడు. విండోస్ లేకుండానే విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపించేది అది. 1993 నుంచి ఉంది, లైసెన్స్ బాధ లేదు. చిన్న ప్రోగ్రాములకి బాగుంటుంది. కానీ అను లాంటి కీబోర్డు ప్రోగ్రాము అన్నిటికీ కింద కూర్చుని మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టుకోవాలి. వైన్‌లో అలాంటివి మొరాయిస్తాయి. ఖాళీ రోజున సరదాకి చూడండి గానీ, దాన్ని నమ్ముకుని నేనైతే శుభలేఖకి అడ్వాన్సు పుచ్చుకోను. పెద్ద ఫ్లెక్సీల ఫొటో పనికి కూడా వర్చువల్ మెషీన్ వద్దు, గ్రాఫిక్స్ విషయంలో అది నీరసం. ఆ పని లినక్స్‌లోని గింప్‌లో చేసుకోండి. అది చేతికి పట్టకపోతే ఫ్లెక్సీ మిషను ఉన్నవాళ్లకే డిజైను కూడా వదిలేయండి. మొత్తం తీసేసి పాత విండోసే వేయించుకోవాలా అన్నారు. మీ సంపాదనలో సగం పైగా ఫ్లెక్సీలే అయితే అవునంటాను. ఉత్తరం చూస్తే అలా అనిపించలేదు.

ఇప్పుడు మీరు అడగని మాట ఒకటి. మీ షాపుకొచ్చే మ్యాటర్లో ఎక్కువ భాగం ఇప్పుడు వాట్సాప్‌లోనే వస్తోంది కదా. అది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే తెలుగు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు, పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలు వరసకడతాయి. అను ఫాంట్లలో 'అ' అనేది నిజానికి ఇంగ్లీషు అక్షరాల గదుల్లో దాచిన తెలుగు బొమ్మ. ఫాంటు తీసేస్తే పిచ్చిరాతలు మిగులుతాయి. అందుకే ఖాతాదారు పంపిన మ్యాటర్ని మీరు మళ్లీ మొదటినుంచీ కొట్టాల్సి వస్తోంది, లేదా కన్వర్టర్లో వేసి ఒత్తులు సరిచేసుకోవాల్సి వస్తోంది. వియ్యంకుడి పేరులో ఒత్తు పోతే ఎవరి మీదికి వస్తుందో మీకు తెలుసు. పాత పనులకి, పాత ఖాతాదార్ల బిల్లు బుక్కులకి చెరువు ఉంచుకోండి. కొత్తగా వచ్చే కరపత్రం, పెద్దకార్యం కార్డు మాత్రం ఒక్కొక్కటిగా లినక్స్ వైపే చేయడం మొదలుపెట్టండి. స్క్రైబస్ అని పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. 2024లో వచ్చిన 1.6 నుంచి తెలుగు గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చుతోంది. అంతకంటే పాతది అయితే వద్దు. ఫాంట్లకి మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు ఉన్నాయి, అన్నీ ఉచితమే. శీర్షికకి రామభద్ర బాగుంటుంది, లోపలి మ్యాటర్‌కి మండలి. అనులో ఉన్నన్ని వంపుల ఫాంట్లు ఉండవు, శుభలేఖకి ఇంకొన్నాళ్లు చెరువులోకే దిగాల్సి రావచ్చు. వేళ్ల అలవాటు గురించి బెంగపడకండి. మీరు అనులో యాపిల్ కీబోర్డు మీద కొట్టేవారైతే, లినక్స్‌లో భాషల కీబోర్డులు మార్చే ఐబస్‌కి ఎం17ఎన్ అనే కీబోర్డు అమరికల ప్యాకేజీలు వేసుకుంటే తెలుగు కింద యాపిల్ అమరిక దొరుకుతుంది. ఇరవై ఏళ్ల చేతివాటం ఎక్కడికీ పోదు.

చివరగా ప్రింటు. ప్రింటర్‌ని విండోస్‌కి అప్పజెబితే అంతసేపూ లినక్స్‌కి అది కనిపించదు, ఇటూ అటూ మార్చుకోవడం చిరాకు. పేజ్‌మేకర్‌లో పీడీఎఫ్ తీసి తూములో వేసి, లినక్స్ నుంచి ప్రింటు ఇవ్వండి. విండోస్ 10లో పీడీఎఫ్ ప్రింటర్ లోపలే ఉంటుంది, 7 అయితే ఒక ఉచిత పీడీఎఫ్ ప్రింటర్ వేసుకోవాలి. లినక్స్‌లో ప్రింటు ఇచ్చేటప్పుడు పేజీకి సరిపెట్టు అన్నది ఎంచుకోకండి, సైజు 100 శాతం అని పెట్టండి. లేకపోతే ట్రేసింగ్ కాగితం మీద అచ్చు కొంచెం తగ్గి వస్తుంది, స్క్రీన్ ప్రింటింగ్ అతను మీ మీద విసుక్కుంటాడు.

అన్నీ అయ్యాక ఒక పని చేయండి. ఎప్పుడో చేసిన శుభలేఖ అచ్చు ప్రతి ఒకటి షాపులో ఉండే ఉంటుంది. దాని ఫైలే చెరువులో తెరిచి, పీడీఎఫ్ తీసి, ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీయండి. పాత కార్డు మీద ఆ ట్రేసింగ్ పరిచి కిటికీ వెలుతురుకి ఎత్తి చూడండి. గణపతి బొమ్మ మీద గణపతి, వధువు పేరు మీద వధువు పేరు, కింద సుముహూర్తం వరస మీద వరస పడితే, మర్నాటి నుంచి ఆర్డర్లు పుచ్చుకోండి.